టెక్ సందేహాలు: తాతగారి అంబాసిడర్‌కు డాంగిల్ ఎక్కడ గుచ్చాలి?

ఈసారి ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద వచ్చాయి, పాత కార్లలో పెట్రోల్ ఎంతుందో చూసుకోవడం. ఫోన్ల సంగతి పక్కన పెట్టి ఈవారం వీటికే జవాబు చెబుతాను, నాకూ ఈ విషయంలో పాత పగ ఒకటుంది.

ప్రశ్న: మా తాతగారి 1965 అంబాసిడర్‌ను బాగు చేయించి రాజమండ్రిలో తిప్పుతున్నాను. పెట్రోల్ ముల్లు ఎప్పుడు చూసినా సగం దగ్గరే ఉంటుంది. ఫోన్‌లో చూసుకోవచ్చని బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ కొన్నాను, కానీ పెట్టే సాకెట్ ఎంత వెతికినా కనబడలేదు. ఎక్కడుంటుంది?

ఎక్కడా ఉండదండీ, దాన్ని తిరిగి పంపించేయండి. ఓబీడీ అంటే ఆన్-బోర్డ్ డయాగ్నస్టిక్స్, కారు తన లోపాలను తానే చెప్పుకునే ఏర్పాటు; ఇప్పటి కార్లలో దాని సాకెట్ ఇంజిన్ కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. అమెరికాలో ఓబీడీ-2 అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి అయిందే 1996 మోడళ్ల నుంచి. మీ తాతగారి కారులో మాట్లాడటానికి అవతల కంప్యూటరే లేదు, ఉన్నదల్లా ట్యాంకులో తేలే ఒక బుడ్డి, దాని చేతికి తగిలించిన సన్నటి తీగచుట్ట, అక్కడి నుంచి మీటరు దాకా ఒక వైరు. పెట్రోల్ తగ్గితే బుడ్డి దిగుతుంది, చుట్ట మీద నిరోధకత మారుతుంది, ముల్లు కదులుతుంది, అంతే వ్యవహారం.

మా మామయ్య దగ్గర ఇలాంటి పాత కారే ఒకటుండేది. ఓసారి సూర్యాపేట దాటాక "ఇంకా సగం ఉందిరా" అని ఆయన అంటూ ఉండగానే బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. నేనూ మా బావా మిట్టమధ్యాహ్నం ఎండలో బంకు దాకా తోశాం, మామయ్య స్టీరింగ్ దగ్గర కూర్చుని ఆ ముల్లునే చూస్తూ ఉన్నాడు. అప్పటి నుంచి పాత కారు మీటరు చెప్పేదాన్ని నేను పుకారులాగే వింటాను.

ముందు తప్పు మీటరుదా, ట్యాంకులోని సెండర్‌దా (అంటే ఆ బుడ్డీ, చేయీ, తీగచుట్టా కలిసిన భాగందా) తేల్చుకోండి. తాళం ఆపేసి, సెండర్ వైరు ఊడదీసి, ఏమీ తగలకుండా వేలాడనిచ్చి అప్పుడు తాళం తిప్పండి. ముల్లు ఒక చివరకు పోవాలి. మళ్లీ తాళం ఆపి, ఈసారి అదే వైరును కారు బాడీ లోహానికి తగిలించి తాళం తిప్పితే రెండో చివరకు రావాలి. ఏది ఖాళీ వైపు, ఏది నిండు వైపు అన్నది మీటరు తయారీని బట్టి తారుమారవుతుంది, దానికి టెన్షన్ పడొద్దు. కొన్ని మీటర్లు లోపల తీగ వేడెక్కడం మీద పనిచేస్తాయి, వాటిని నేరుగా బాడీకి తగిలిస్తే కాలిపోయే ప్రమాదం ఉంది కాబట్టి మధ్యలో 10–20 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, ముల్లు కదిలిందో లేదో చూసి, తాళం ఆపాక తీసేయండి. వైరు తగిలించేటప్పుడు తాళం ఆపి ఉండాలని రెండుసార్లు ఎందుకు చెప్పానంటే, ట్యాంకు పక్కన చిన్న మెరుపు చాలు.

రెండు వైపులకూ ముల్లు పోయిందా, మీటరూ వైరూ మంచివే. అప్పుడు సెండర్ ఒంటి నుంచి కారు ఛాసీకి, తుప్పూ రంగూ గీకేసిన చోటికి, తాత్కాలికంగా ఒక వైరు కలిపి చూడండి. కొత్తగా బాగు చేయించిన కార్లలో ట్యాంకుకు దట్టంగా రంగు కొట్టి ఎర్త్‌ను మింగేస్తారు, చాలా బళ్లలో రోగం అక్కడే. అదీ కాకపోతే సెండర్ బయటికి తీయించి మల్టీమీటర్ పెట్టి చేతిని మెల్లగా ఎత్తి దించండి, అంకె కూడా మెల్లగా మారాలి. ఏళ్ల తరబడి కదలని బండిలో పెట్రోల్ జిగురుగా మారి చేయి మధ్యలోనే పట్టేస్తుంది, మీ ముల్లు సగం దగ్గర కాపురం పెట్టడానికి నా అనుమానం దీని మీదే. ఇత్తడి బుడ్డి అయితే చెవి దగ్గర ఊపండి, లోపల గలగలమంటే చిల్లు పడి పెట్రోల్ తాగినట్టు. ఇంకా పాత కార్లలో బెండు బుడ్డికి లక్క పూత ఉంటుంది, ఇప్పుడు బంకుల్లో పోసే ఇథనాల్ కలిసిన పెట్రోల్ ఆ లక్కను కరిగిస్తుంది.

ఆన్‌లైన్‌లో "అన్ని కార్లకూ సరిపోతుంది" అని అమ్మే సెండర్ కొనేముందు ఆగండి. పాత జనరల్ మోటార్స్ కార్లలో ఖాళీకి 0, నిండుకు 30 ఓమ్‌లు, పాత ఫోర్డుల్లో ఖాళీకి 73, నిండుకు 10, విడిగా అమ్మే మీటర్లలో ఎక్కువగా 240 నుంచి 33. జంట కుదరకపోతే అన్నీ కొత్తవే అయినా ముల్లు అబద్ధమే చెబుతుంది. మీ పాత మీటరుకు ఏ లెక్క కావాలో తెలుసుకుని కొనండి, లేదా పాత సెండర్‌కే కొత్త తీగ చుట్టించండి.

ఈలోపు బండి నడపాలి కదా. ట్యాంకు మూత తీసి చూడండి, సన్నటి చెక్క బద్ద వంకర లేకుండా అడుగు దాకా దిగితే మీ సమస్య తీరింది. ట్యాంకు ఖాళీ చేయించి, కారును బంకుకు తీసుకెళ్లి, చదునైన చోట నిలబెట్టి, 5 లీటర్ల చొప్పున పోయిస్తూ ప్రతిసారీ బద్ద ముంచి గీత పెట్టుకోండి. కొలత మీద అనుమానం ఉంటే బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల పాత్ర ఉంటుంది, అడిగితే దాంట్లో పోసి చూపించాలి. పెట్రోల్ తడి చూస్తుండగానే ఆరిపోతుంది కాబట్టి ముంచే ముందు బద్దకు సుద్దముక్క రుద్దండి, గీత స్పష్టంగా నిలుస్తుంది. పైపు మధ్యలో వంపు తిరిగి బద్ద దిగకపోతే మాత్రం ట్యాంకు నిండా పోయించి, ఫోన్‌లో జీపీఎస్ ట్రిప్ మీటర్ ఏదైనా పెట్టుకుని కిలోమీటర్లు లెక్కేసుకోండి. ఈ మొత్తం కథలో మీ స్మార్ట్‌ఫోన్‌కు దొరికిన ఉద్యోగం ఇదొక్కటే.

ప్రశ్న: మిషిగన్‌లో ఉంటాను. 1915 ఫోర్డ్ మోడల్ టీ కొన్నాను, అసలు పెట్రోల్ మీటరే లేదు. ట్యాంకుకు అల్ట్రాసోనిక్ సెన్సర్ పెట్టి ఫోన్‌కు కలపవచ్చా?

కలపవచ్చు, కానీ కలపకండి. నూటపదేళ్ల ట్యాంకుకు చిల్లు పెట్టడం నాకు మనసొప్పదు. అడుగున బయటి నుంచి అంటించే రకం ఉన్నా బండి ఊగుతుంటే పెట్రోల్ కూడా ఊగి అంకెలు గంతులేస్తాయి, నిలబెట్టే చూడాలి. నిలబెట్టాక బద్ద ముంచడానికి ఏం రోగం? మోడల్ టీ అమ్ముడైన కాలంలో ఎక్కువమంది చేసింది అదే: ముందు సీట్లో వాళ్లను దింపి, మెత్త ఎత్తి, కింద ఉన్న ట్యాంకు మూత తీసి పుల్ల ముంచడం. సిగరెట్ ఆర్పాక, అనుకుందాం.

మీ ట్యాంకు 10 అమెరికన్ గాలన్లు, అంటే దాదాపు 38 లీటర్లు. అది అడ్డంగా పడుకోబెట్టిన డ్రమ్ము ఆకారం కాబట్టి బద్ద మీద సమాన దూరంలో గీతలు పెడితే మోసపోతారు. సగం ఎత్తుకు సగమే, అది నిజం. పావు ఎత్తు దగ్గర మాత్రం తొమ్మిదిన్నర లీటర్లు ఉంటాయనుకుంటాం, ఉండేది ఏడున్నర లోపే. పదో వంతు ఎత్తులో అయితే దాదాపు నాలుగు అనుకున్న చోట ఉండేది రెండే. అంటే సరిగ్గా మీకు అవసరమైన చివర్లోనే లెక్క ఎక్కువ తప్పుతుంది, అందుకే గీతలు స్కేలుతో కాకుండా పోస్తూ పెట్టుకోండి.

ఇంకోటి, ఈ కారులో పెట్రోల్ పంపు లేదు, సీటు కింద నుంచి కార్బురేటర్‌కు పల్లానికి పారినట్టు పారుతుంది. పెట్రోల్ తక్కువున్నప్పుడు నిటారు ఎత్తు ఎక్కితే కారు ముక్కు పైకి లేచి ఇంజిన్‌కు అందదు. అప్పట్లో జనం బండి తిప్పి రివర్స్‌లో కొండ ఎక్కేవాళ్లు. మన పాత స్కూటర్‌ను పక్కకు వంచి చివరి చుక్క తాగించి ఇంటికి చేరిన వాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

ప్రశ్న: ఫోన్‌కు కలిపే ఎండోస్కోప్ కెమెరా ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తోంది. ట్యాంకులోకి దింపి చూస్తే?

వద్దు. ట్యాంకులో ప్రమాదం పెట్రోల్ కంటే దాని మీద నిలిచిన ఆవిరితోనే ఎక్కువ. ఆ కెమెరా చివర వెలిగే లైట్లు, లోపలి వైరు అలాంటి ఆవిరి మధ్య వాడటానికి చేసినవి కావు. దాని రబ్బరు తొడుగు పెట్రోల్‌లో నానితే ఉబ్బిపోవచ్చు కూడా. ఫోన్ టార్చ్ కూడా మూత దగ్గరికి వంచి పట్టుకోకండి, ఫోన్ జారి లోపల పడితే మీ తర్వాతి ఉత్తరానికి నా దగ్గర జవాబుండదు. పగటి వెలుతురులో బద్ద ముంచండి, తుడవడానికి ఒక పాత గుడ్డ పీలిక డిక్కీలో పెట్టుకోండి, బద్దకు పై చివర అడ్డంగా ఒక మేకు కొట్టండి, లేకపోతే అదీ ట్యాంకులోకి పోతుంది.