రంగుల పెట్టె బీరువా దాటి ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: నా వయస్సు ముప్ఫై ఎనిమిది సంవత్సరాలు. ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పుడు బొమ్మలు బాగా వేసేదాన్ని. ఏడవ తరగతిలో జిల్లా స్థాయి చిత్రలేఖన పోటీలో నాకు మొదటి బహుమతి వస్తే, మా బాపు ఇంటికి వచ్చిన ప్రతివారికీ ఆ షీల్డు చూపించి "మా బిడ్డ చేతిల సరస్వతి ఉన్నది" అనేవారు. పరీక్షలప్పుడు మాత్రం ఆయనే "గీ బొమ్మలు కూడు పెడ్తయా?" అని కోప్పడేవారు. ఎనిమిదవ తరగతి నుంచి నేను ఏ పోటీకీ పేరు ఇవ్వలేదు. తొమ్మిదవ తరగతిలో లెక్కల సారు నా నోటుబుక్కులోని బొమ్మను చింపి, తరగతికంతా చూపించి నవ్వించారు. ఖిలా వరంగల్ తోరణాలు వేయాలన్న కోరికతో నీటిరంగులు, కుంచెలు, ఖరీదైన కాగితం కొనుక్కున్నాను కాని అవన్నీ బీరువాలోనే ఉన్నాయి. పనులన్నీ ముగించుకుని రాత్రి పదింటికి కూర్చుంటే చెయ్యి కదలదు; రేపు చూద్దామని లేస్తాను. నాది బద్ధకమా, లేక నాలో ఆ కళే లేదా? మా తొమ్మిదేళ్ల అమ్మాయి కూడా ఇప్పుడు బొమ్మలు వేస్తోంది. దానితో ఏం మాట్లాడాలో తోచడం లేదు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, కార్యాలయంలో పనిచేసి, ఇల్లు చక్కబెట్టి, రాత్రి పదింటికి కూడా కాగితం ముందు కూర్చోవాలనుకునే మనిషిని బద్ధకస్తురాలని ఎవరూ అనరు. బద్ధకమే అయితే అది అన్ని పనుల్లోనూ కనిపించాలి. మీకు వాయిదా వేసే అలవాటు ఈ ఒక్కచోటనే ఉంది. వాయిదా వేయడమంటే పని నుంచి కన్నా, ఆ పనితో పాటు లేచే బాధ నుంచి తప్పుకోవడమని ఫ్యూషా సిరోయిస్, తిమోతీ పిచిల్ అనే పరిశోధకులు 2013లో వివరించారు. "రేపు చూద్దాం" అనుకోగానే మనసు తేలికపడుతుంది, ఆ తేలికదనమే మరునాడు కూడా అదే మాట అనిపిస్తుంది.

ఇక బాల్యం సంగతి. చదివినవారెవరైనా మొదట లెక్కల సారునే తప్పుపడతారు, అది న్యాయం కూడా. పిల్ల గీసిన బొమ్మను నలుగురి ముందు చింపడానికి ఏ సాకూ చెల్లదు. అయితే మీరు చెప్పిన వరుసను ఒకసారి గమనించండి. సారు బొమ్మ చింపింది తొమ్మిదవ తరగతిలో. మీరు పోటీలు మానుకున్నది ఎనిమిదవ తరగతిలోనే. అంటే ఎగతాళి కన్నా ముందే ఏదో మిమ్మల్ని వెనక్కి లాగింది. నా అంచనాలో అది ఆ షీల్డు.

కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన పరిశోధనలో, ఐదవ తరగతి పిల్లల చేత కొన్ని ఆకారాల చిక్కుముడులు విప్పించి, కొందరిని "నువ్వు తెలివైనదానివి" అనీ, మరికొందరిని "బాగా కష్టపడ్డావు" అనీ మెచ్చుకున్నారు. తెలివిని మెచ్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది ఆ తరువాత తప్పు పోయే అవకాశం లేని సులువైన వాటినే కోరుకున్నారు. కష్టమైనవి ఇచ్చి ఓడించాక మళ్లీ సులువైనవి ఇచ్చినా మునుపటి కన్నా తక్కువ చేశారు. తమ మార్కులను పెంచి చెప్పుకున్నవారు కూడా వారిలోనే ఎక్కువ. చేతిలో సరస్వతి ఉందని విన్న పిల్లకు ప్రతి బొమ్మా ఆ సరస్వతి ఇంకా ఉందో లేదో తేల్చే పరీక్ష అవుతుంది. అలాంటి పరీక్షకు కూర్చోకపోవడమే క్షేమమని పన్నెండేళ్ల పిల్లకు తోచడంలో వింత లేదు. దానికి "కూడు పెడ్తయా" అన్న మాట తోడైతే, బహుమతి తెచ్చినప్పుడు తప్ప బొమ్మకు ఇంట్లో చోటు లేదని కూడా అర్థమవుతుంది. పొగడ్త, మందలింపు ఒకే నోట ఒకే వారంలో రావడం మన ఇళ్లలో మామూలే.

అయినా అంతా బాపు మీదికి నెట్టవద్దు. బిడ్డ బతుకుతెరువు గురించిన భయమే ఆయన చేత ఆ మాట అనిపించి ఉంటుంది. పైగా వాయిదా వేసే స్వభావంలో మనుషుల మధ్య కనిపించే తేడాలో సుమారు 46 శాతం వంశపారంపర్యమని కొలరాడోలోని కవలలపై జరిగిన అధ్యయనం 2014లో తేల్చింది.

రాత్రి పదింటికే కూర్చోవడం గురించి మాత్రం కొంత కటువుగా చెబుతాను. ఓడిపోతామన్న భయం ఉన్నవారు తమకు తెలియకుండానే ముందుగా ఒక అడ్డంకిని ఏర్పరచుకుంటారని ఎడ్వర్డ్ జోన్స్, స్టీవెన్ బెర్గ్‌లాస్ 1978లోనే రాశారు. అలసిపోయిన వేళ బొమ్మ చెడితే తప్పు అలసటది అవుతుంది, మీ చేతిది కాదు. ఆదివారం పొద్దున్నే, మనసు తేటగా ఉన్నప్పుడు, ఇరవై నిమిషాలు కూర్చోండి. ఖరీదైన కాగితాన్ని ఇప్పట్లో ముట్టవద్దు. పిల్లల డ్రాయింగు పుస్తకం చాలు. వేసినదాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టవద్దు, భర్తకు కూడా చూపించవద్దు.

బొమ్మకు ఒక పని అప్పగించడం అన్నింటికన్నా మేలు. చేర్యాల నకాషీలు ఎర్రటి నేపథ్యం మీద వేసిన పటాలు గోడకు తగిలించి మెచ్చుకోవడానికి పుట్టినవి కావు. పటం చూపిస్తూ కథ చెప్పే కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పడానికి, డక్కలివారు జాంబపురాణం చెప్పడానికి అవి కావలసి వచ్చాయి. కథ వినడానికి కూర్చున్నవారికి తరువాత ఏం జరిగిందన్నదే ముఖ్యం, గీసినవారి ప్రతిభ మీద తీర్పు కాదు. మీరు కూడా రుద్రమదేవి కథను అమ్మాయికి చెప్పడానికి కావలసిన చిన్న చిన్న బొమ్మలు వేయండి. కోట వచ్చేచోట తోరణం ఎలాగూ వస్తుంది, వంకరగా వచ్చినా కథ ఆగదు.

ఒక వారం కూర్చోలేకపోతే మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. మొదటి పరీక్షకు చదువును వాయిదా వేసిన విద్యార్థుల్లో, ఆ తప్పుకు తమను తాము క్షమించుకున్నవారు రెండవ పరీక్షకు తక్కువగా వాయిదా వేశారని 2010లో కెనడాలో జరిగిన ఒక అధ్యయనం చెప్పింది. బొమ్మలతో ఆగకుండా నిద్ర, ఆకలి, ఉద్యోగం కూడా దెబ్బతింటుంటే మాత్రం ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

అమ్మాయి బొమ్మ తెచ్చి చూపించినప్పుడు బాగుందనీ బాగాలేదనీ అనకుండా, బొమ్మలోని సంగతులే అడగండి: ఈ చెట్టుకు ఊదారంగు ఎందుకు వేశావు, ఈమె ఎక్కడికి పోతున్నది, ఇక్కడ చెరిపి మళ్లీ గీసినట్టున్నావు, ఏం కుదరలేదు? తాను అడిగితే తప్ప పోటీలకు పంపవద్దు. బహుమతి వస్తే సంతోషించండి కాని షీల్డును వచ్చినవారి ముందు పెట్టే పని తాతకు అప్పగించకండి.