దమ్ముకు వేరే కేజీవీల్స్ కొనాల్నా?

అన్నా, మిర్యాలగూడ దిక్కు మూడెకరాల వరికి దమ్ము (నాటుకు ముందు నీళ్లు పెట్టి మడిని బురదగ దున్నుడు) చేయనీకి ట్రాక్టర్ టైర్లు విప్పి ఫుల్ కేజీవీల్స్ (ఇనుప పట్టీల చక్రాలు) ఎక్కించాల్నా, టైర్ల పక్కకు హాఫ్ సెట్ బిగిస్తే సాలా అని అడిగినవ్. హాఫ్ సెట్టే తీస్కో. నల్లరేగడి బురద టైరు గుబ్బల నడుమ పేరుకుంటే పట్టు పోయి చక్రం ఉన్నకాడనే తిరుగుతది. పక్కనున్న ఇనుప పట్టీలు ఆ పట్టునిస్తయి. ఫుల్ సెట్‌కు జాకీ పెట్టి టైర్లు దించుడు, మళ్లా ఎక్కించుడు ఇద్దరు మనుషుల పని. కిరాయికి తిప్పేటోళ్లకే గిట్టుబాటు.

కొనే ముందు టైరు సైజు, రిమ్ము రంధ్రాల నడుమ దూరం కొలుసుకొని పో. 13.6-28 సైజు టైరుకు చేసింది 14.9-28 టైరుకు సరిగ్గ కూసోదు. మొదటి గంట దున్నినంక బోల్టులు మళ్లా బిగించు. వదులుగ తిరిగితే రంధ్రాలు అరిగి రిమ్మే పాడైతది. తారురోడ్డు ఎక్కే ముందు మాత్రం విప్పాల్సిందే, రోడ్డు చెక్కుకపోతది, కేసు కూడా అయితది.