సందేహాలు – సమాధానాలు: సంధిలో ‘ఆదేశం’ ఎవరిచ్చారు?

సందేహం: మా అబ్బాయి తెలుగు పుస్తకంలో గసడదవాదేశ సంధి ఉంది. ఆదేశం అంటే ఆర్డర్ కదండీ, అక్షరాలకి ఆర్డరేంటి? సబ్‌స్టిట్యూట్ అనే అర్థం కూడా ఉందంటున్నారు, అలా మామూలు మాటల్లో వాడొచ్చా? – ఒక తల్లి, గాజువాక

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చింది. వ్యాకరణంలో ఆదేశం అంటే ఒకదాన్ని లేపేసి ఆ చోట్లో ఇంకోటి కూర్చోడమే. ఎంవీపీ కాలనీ రైతుబజార్‌లో కూరగాయలు కొంటాం కదా, అది కూర, కాయ. కాయలో క పోయి గ వచ్చి కూర్చుంది. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి, ద్వంద్వ సమాసంలో (అంటే రెండు మాటలు జతకట్టినచోట) పరుషాలకి, అంటే క చ ట త పలకి, వరసగా గ స డ ద వలు వస్తాయన్నది దీన్నే, తల్లిదండ్రులు, ఊరువల్లెలు అన్నీ ఇంతే. ఇప్పుడు పిల్లలు ‘తల్లి + దండ్రి’ అని విడగొడుతుంటే దిద్దేవాళ్ళు టిక్కు పెట్టేస్తున్నారు, దండ్రి అనే మాట ఎక్కడుందండీ? పోయిన అక్షరం ఏదో తెలీకపోతే ఇంక ఆదేశం ఏం అర్థమవుతుంది.

‘మిత్రవదాగమః, శత్రువదాదేశః’ అని పెద్దల మాట. మా, అమ్మ మధ్యలో య చేరి మాయమ్మ అయితే ఎవర్నీ తోసెయ్యలేదు, స్నేహితుడిలా పక్కన చేరింది, అది ఆగమం. ఆదేశం శత్రువులా ఉన్నవాణ్ణి గెంటేస్తుంది. మన సింహాచలంలో అయితే సింహ చివరి అ, అచలం మొదటి అ రెండూ పోయి ఒక్క ఆ నిలబడింది, అది ఏకాదేశం. అయినా శత్రువు అనడం నాకు పూర్తిగా ఒప్పదు, ఎందుకంటే సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని ‘స్థానివదాదేశోఽనల్విధౌ’ అన్నాడు, అంటే పోయినవాడి హక్కులు వచ్చినవాడికి దక్కుతాయి, ఆ పాత అక్షరాన్నే పట్టుకుని చెప్పిన పనులు తప్ప. పీఎం పాలెం క్రికెట్ స్టేడియంలో దెబ్బ తగిలినవాడి బదులు దిగిన ఫీల్డర్ క్యాచ్ పట్టినా అవుటే, కానీ మామూలుగా బౌలింగ్ ఇవ్వరు, అలాగన్నమాట.

సంస్కృత ధాతువు దిశ్ అంటే చూపించడం, దిశ, దేశం, ఉపదేశం అన్నీ అందులోంచే. ‘దీని బదులు ఇది పలుకు’ అని శాస్త్రం చూపించేది ఆదేశం. బృహదారణ్యక ఉపనిషత్తులో ‘అథాత ఆదేశో నేతి నేతి’ (ఇక ఆదేశం: ఇది కాదు, ఇది కాదు) అన్నచోట కూడా అది బోధ, హుకుం కాదు. ఆజ్ఞ అనే అర్థమూ పాతదే, తప్పనను, కానీ రోజూ పేపర్లో ‘ఆదేశాలు జారీ చేయడం జరిగింది’ అని చదివి చదివి మనకి ఆ ఒక్కటే మిగిలింది. ‘ఆదేశించారు’ అంటే సరిపోదా?

మామూలు మాటల్లో వాడాలా అంటే నేనైతే తొందరపడను. ‘టీచర్ గారికి ఆదేశంగా వచ్చాను’ అంటే ఎవరికీ ఎక్కదు. బదులు ఉంది కదా, అరబీ బదల్ నుంచి వచ్చినా మనదైపోయింది, బదిలీ దాని చుట్టమే. భాష గురించి రాసేవాళ్ళు వాడితే మాత్రం అడ్డు చెప్పను. అబ్బాయిని ముందు కూర + కాయ అని విడగొట్టమనండి.