ఫౌజు నుంచి పెన్షన్ మీద వస్తున్న అల్లుడికి

అల్లుడా,

నువ్వు పంపిన మెసేజ్ చదివిన. వచ్చే ఏడాది ఫౌజు నుంచి పెన్షన్ మీద వస్తున్నవు, వచ్చినంక ఏం చెయ్యాల్నో తోస్తలేదు, ఊర్లో అందరూ సెక్యూరిటీ గార్డు పని చూసుకొమ్మంటున్నరు అని రాసినవు. ఆ పని తక్కువదని నేను అనను. మన దిక్కు ఎంతోమంది మాజీ సైనికులు గేటు దగ్గర నిలబడే పిల్లల్ని చదివించుకున్నరు. కానీ నీ చేతిలో వేరే విద్య ఉన్నది. నువ్వు ఆర్మీ మెడికల్ కోర్‌లో హెల్త్ అసిస్టెంట్‌వి. తాగే నీళ్లు, దోమలు, లంగర్ (ఫౌజు వంటశాల), లెట్రిన్లు చూసుకుంట, జవాన్లకు రోగం రాకముందే ఆపుడు నీ డ్యూటీ. ఆ విద్యను తీసుకపోయి గేటు కాడ కుర్చీలో కూర్చోబెడితే నా మనసు ఒప్పదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

అసలు సంగతి మొదలే చెప్త. సివిల్‌లో ఎవరూ నీ పనితనాన్ని ముందు చూడరు, కాగితం చూస్తరు. ఆ కాగితం కోసం యూనిఫాం ఒంటిమీద ఉన్నప్పుడే మొదలుపెట్టాలె.

పదిహేనేండ్ల సర్వీసుకు ఫౌజు గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ ఇస్తది గదా, మళ్లీ డిగ్రీ ఎందుకు మామా అని అడిగినవు. ఆ సర్టిఫికెట్ సెంట్రల్ గవర్నమెంట్ గ్రూప్-సి లో 'డిగ్రీ ఏదైనా సరే' అనే కొలువులకు పనికొస్తది. సబ్జెక్టు పేరు పెట్టి అడిగిన కాడ పనికిరాదు. మన లైన్ కొలువులేమో చాలామట్టుకు సబ్జెక్టు పేరు పెట్టి అడిగేవే. రైల్వేలో హెల్త్ అండ్ మలేరియా ఇన్‌స్పెక్టర్ పోస్టునే చూడు. కాజీపేట జంక్షన్ మన గడప ముందటే ఉన్నది. ఆ ఉద్యోగంలో చేసేది నువ్వు ఇన్నేండ్లు చేసిందే: స్టేషన్‌లో తాగునీళ్లు, క్యాంటీన్లు, క్వార్టర్ల చుట్టూ దోమలు. కానీ కెమిస్ట్రీ చదివిన బీఎస్సీ ఉండాలంటరు, దాని మీద ఏడాది హెల్త్ శానిటరీ ఇన్‌స్పెక్టర్ డిప్లొమా గానీ ఎన్‌సీవీటీ (కేంద్ర వృత్తి శిక్షణ మండలి) సర్టిఫికెట్ గానీ ఉండాలంటరు. పోనీ సొంతంగా పెస్ట్ కంట్రోల్ పెట్టుకుందామంటే ఆ లైసెన్సుకు కూడా అగ్రికల్చర్ డిగ్రీ లేదంటే కెమిస్ట్రీ ఉన్న సైన్సు డిగ్రీ కావాలె. ఆపైన పదిహేను రోజుల ట్రైనింగ్, దానికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఎన్‌ఐపీహెచ్ఎం అనే కేంద్ర సంస్థ ఉన్నది. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కు ఫుడ్ టెక్నాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ వంటి డిగ్రీ అడుగుతరు, లేదంటే కెమిస్ట్రీలో పీజీ.

చూసినవా, తిరిగి తిరిగి కెమిస్ట్రీ కాడికే వస్తున్నది. నువ్వు ఇంటర్ బైపీసీ. ఇగ్నోలో గానీ మన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో గానీ కెమిస్ట్రీ ఉండేటట్టు బీఎస్సీలో చేరు. ల్యాబ్ ప్రాక్టికల్స్‌కు మనిషి పోవాల్సి ఉంటది, లీవు ఆ తేదీలకు దాచుకో. డిగ్రీ పూర్తయ్యేసరికి వయసు దాటిపోతదేమో అని భయపడకు. మాజీ సైనికులకు సర్వీసు చేసిన ఏండ్లు వయసులోంచి తీసేసి, ఇంకో మూడేండ్లు సడలింపు ఇస్తరు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ డిప్లొమా విషయంలో మాత్రం జాగ్రత్త. ఫీజు కట్టించుకొని కాగితం చేతిలో పెట్టే దుకాణాలు మస్తున్నయి. ముందు పాత నోటిఫికేషన్ తీసి, అందులో ఏ సంస్థ సర్టిఫికెట్ చెల్లుతదని రాసిన్రో చూసి, అప్పుడే పైసలు కట్టు.

సర్వీసు చివర్లో డీజీఆర్ (ఫౌజు వదిలేటోళ్ల పునరావాసం చూసే కేంద్ర ఆఫీసు) వాళ్లు పెట్టే రీసెటిల్‌మెంట్ కోర్సు వదులుకోకు. అక్కడ గూడ సెక్యూరిటీ కోర్సు తేలికని దోస్తులు లాగుతరు. ఇండస్ట్రియల్ సేఫ్టీ గానీ హాస్పిటల్‌కు సంబంధించింది గానీ దొరికితే దానికే పేరు ఇయ్యి.

ఇంకో పని. డిశ్చార్జికి ముందే మీ ఆఫీసర్ దగ్గర అనుభవ పత్రం రాయించుకో. "శానిటేషన్ డ్యూటీలు సంతృప్తికరంగా చేసినాడు" అన్న ఒక్క లైను రాసిస్తే ఇక్కడ ఎవరికీ ఏమీ అర్థం కాదు. చేసిన పని చేసినట్టు రాయించు. నీళ్లకు బ్లీచింగ్ ఎంత పడతదో తేల్చే హారక్స్ టెస్టునే తీసుకో. ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు. నల్ల కప్పు నీళ్లలో రెండు గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, ఆ ద్రావణం తెల్ల కప్పుల నీళ్లలో వరుసగా ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు వేసుకుంట పోతవు. అరగంట ఆగి ఇండికేటర్ వేస్తే మూడో కప్పులో మొదటిసారి నీలం తేలింది అనుకో, కప్పుకు రెండు గ్రాముల లెక్కన 455 లీటర్లకు ఆరు గ్రాముల పౌడర్ పడతదని నువ్వు నిలబడ్డకాడనే చెప్తవు. మన ఊర్లలో ట్యాంకు దగ్గర బ్లీచింగ్ అంచనా మీద పిడికెడు చల్లేటోళ్లను నేను చూసిన. లెక్క కట్టి వేసి, కొసన నల్లా దగ్గర క్లోరిన్ మిగిలిందో లేదో చూసేటోడు ఎంత విలువైనోడో వాళ్లకు తెలియాలంటే అది కాగితం మీద ఉండాలె. నీళ్ల పరీక్ష, లార్వా (దోమ పిల్లపురుగు) సర్వే, ఫాగింగ్, వంటవాళ్ల మెడికల్ చెకప్, బయో మెడికల్ వేస్ట్ అన్నీ విడివిడిగా, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా అన్నది రాయించు. యూనిట్ ఎక్కడున్నది, బలం ఎంత అన్న వివరాలు మాత్రం బయటి కాగితంలో రావొద్దు. అది నీకు చెప్పాల్సిన పని లేదనుకో.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన ముచ్చట. ఫౌజులో కూలర్‌లో పురుగు కనబడితే రిపోర్టు రాస్తవు, సాయంత్రానికల్లా కూలర్ ఖాళీ అయితది. ఇక్కడ నీ మాట వినాలన్న రూలు ఎవరికీ లేదు. నేను ఫౌజు నుంచి పెన్షన్ మీద వచ్చినంక డెంగీ సీజన్‌లో హనుమకొండ గల్లీల్లో లార్వా సర్వేకు తిరిగేటప్పుడు ఒక ముసలమ్మ ఇంట్లో డ్రమ్ము నిండా పురుగు. పారబోయమంటే, "నల్లా మళ్లీ ఎల్లుండి గాని రాదు, పారబోస్తే నువ్వు మోసుకొచ్చి పోస్తవా బిడ్డా" అన్నది. ఆమె మాట నిజమే. నేను వాదించలే. తెల్ల ప్లేటులో గరిటెడు నీళ్లు తీసి, ఎండలో పెట్టి చూపించిన. పురుగులు మెలికలు తిరుగుకుంట పైకి వస్తున్నయి, నీడ పడంగనే అడుక్కు పోతున్నయి. "ఇవే గదా అమ్మా వారం పదిరోజుల్లో దోమలయ్యేది" అంటే ఆమె మనవడు ప్లేటు ముందు కూర్చుండిపోయిండు. ఆ నీళ్లను పాత చీరలో వడకట్టి వేరే బిందెల్లోకి మార్చుకున్నరు. డ్రమ్ము గోడలు కొబ్బరి పీచుతో రుద్దమన్న, ఎందుకంటే గుడ్లు గోడకు అంటుకొని ఎండినా నెలలపాటు చావవు. మళ్లీ నింపినంక ఆ చీరనే మూతికి కట్టిచ్చిన. ఆ తర్వాత ఆ గల్లీలో నాకంటే ముందు ఆ ముసలమ్మనే ఇంటింటికీ చెప్పింది. సివిల్‌లో పబ్లిక్ హెల్త్ అంటే ఇట్లనే నడుస్తది. ఈ ఓపిక నేర్చుకోకుంటే ఎంత చదువు ఉన్నా ఆశా వర్కర్ చేసినంత పని కూడా నువ్వు చెయ్యలేవు. ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లు, పంచాయతీ సెక్రెటరీలు మనకు ర్యాంకులో ఎక్కడ వస్తరు అని లెక్క పెట్టకు. వాళ్లకు ఊరు తెలుసు, నీకు తెల్వదు.

తెలుగు రాత కూడా జర సానబెట్టుకో. ఇన్నేండ్లు హిందీలో రిపోర్టులు రాసినవు, ఇక్కడ మీటింగులు, దరఖాస్తులు తెలుగులో ఉంటయి. ఐహెచ్‌ఐపీ పోర్టల్ గురించి చదువు. 2021 నుంచి దేశమంతా రోగాల నిఘా అందులోనే నడుస్తున్నది. ఎస్ ఫారం ఊర్లో హెల్త్ వర్కర్‌ది, పి ఫారం డాక్టర్‌ది, ఎల్ ఫారం ల్యాబ్‌ది. ఇంటర్వ్యూలో ఆ మూడింటి మీద మాట్లాడగలిగితే ఎదుటివాళ్లు నిటారుగా కూర్చుంటరు.

సర్కారు కొలువు కోసమే కూర్చోవద్దు. హనుమకొండ, వరంగల్‌లో ప్రైవేటు దవాఖానలు పెరిగిపోయినయి. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్‌కు, వేస్ట్ చూసుకోవడానికి తెలిసిన మనిషి కావాలె. 2016 బయో మెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం చెత్తను పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల వారీగా వేరు చెయ్యాలె, మామూలుగా 48 గంటలు దాటి నిల్వ పెట్టొద్దు. నీకు ఇది మిలిటరీ హాస్పిటల్లో రోజూ ఉన్న పనే. రామగుండం, భూపాలపల్లి దిక్కు ఫ్యాక్టరీ క్యాంటీన్లు, లేబర్ క్యాంపులు ఉన్నయి. లైసెన్సు తీసుకున్న హోటళ్లు, క్యాంటీన్లు వంటపని చేసే పాతికమందికి ఒకరు చొప్పున ట్రైనింగ్ పొందిన ఫుడ్ సేఫ్టీ సూపర్‌వైజర్‌ను పెట్టుకోవాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) అంటది. ఫోస్టాక్ అని ఆ ట్రైనింగ్ చిన్నదే, డిగ్రీ అయ్యేలోపలే చేసుకోవచ్చు. మొదట్లో జీతం నీ ఫౌజు జీతమంత రాదు. పెన్షన్ పొయ్యి వెలిగిస్తది గాబట్టి ఆ రెండు మూడేండ్లు పేరు కోసం పని చెయ్యి.

మేడారం జాతర మాత్రం తప్పక చూడు, మొక్కుకు పోయినట్టు కాదు, హెల్త్ అసిస్టెంట్ కండ్లతో. అడవి నడుమ కొన్ని రోజుల్లో ఒక పట్నం లేస్తది. జంపన్న వాగులో స్నానాలు, గుడారాల ముందే కోడి కోసి వండుకొనుడు, ఈగలు, తాత్కాలిక మరుగుదొడ్లు. ఫీల్డ్ క్యాంపు శానిటేషన్ మనకంటే బాగా ఎవరికి తెలుసు? ములుగు జిల్లా వైద్య ఆరోగ్య శాఖ వాళ్లు క్యాంపులు ఎట్ల పెడుతున్నరో దగ్గరుండి చూస్తే సివిల్ యంత్రాంగం నీకు తొందరగా అర్థమైతది. 2023 జూలైలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగింది గుర్తున్నదా? వరద తీసినంక బావిలో నీళ్లెన్ని, బ్లీచింగ్ ఎంత అని లెక్క కట్టేటోడు ప్రతి మండలానికీ అవసరం. ఫౌజు హెల్త్ పని సివిల్‌కు ఏం పనికొస్తది అని ఎవరైనా అంటే, 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్ కూడా మిలిటరీ డాక్టరేనని చెప్పు.

రిజర్వేషన్ సంగతి గూడ రాస్త. సెంట్రల్‌లో గ్రూప్-సి కి పది శాతం, మన రాష్ట్రంలో రెండు శాతం మాజీ సైనికులకు ఉన్నది. సెంట్రల్ కోటా మీద ఒక కొలువులో చేరినవంటే తర్వాతి కొలువుకు అది మళ్లీ వర్తించదు. కానీ చేరిన వెంటనే, అంతకుముందు ఎక్కడెక్కడ అప్లై చేసినవో ఆ జాబితా రాసి ఇస్తే వాటికి కోటా నిలుస్తది. ఈ ముక్క చాలామందికి తెల్వక నష్టపోతరు. రాష్ట్రం కొలువులకు లోకల్ కావాలంటే ఒకటి నుంచి ఏడో తరగతి దాకా బోనఫైడ్లు అడుగుతరు. మీ ఊరి బడి రికార్డులు ఎట్లున్నయో ఏమో, అవి మీ అమ్మతో చెప్పి ఇప్పుడే తీయించు. ఉద్యోగం ఇప్పిస్త, ముందు ఇంత కట్టు అనేటోని గడప తొక్కకు. కమ్యూటేషన్ (పెన్షన్‌లో కొంత భాగం ముందే ఒక్కసారి తీసుకునుడు) పైసలు రాంగనే ప్లాటు కొనుమని చుట్టాలు చుట్టుముడతరు, కోర్సు ఫీజు, పిల్లల ఫీజు పక్కకు పెట్టినంకనే ఆ ముచ్చట.

ఈసారి లీవుకు వచ్చేటప్పుడు ట్రేడ్ సర్టిఫికెట్లు, కోర్సు మార్కుల కాగితాలు, ఇంటర్ మెమో పట్టుకొని రా. బీఎస్సీ అడ్మిషన్ కోసం నేను వెంట వస్త. అక్కడినుంచి సైనిక సంక్షేమ కార్యాలయానికి కూడా పోదాం, ఐడెంటిటీ కార్డుకు ఏమేం కావాల్నో ముందే అడిగి పెట్టుకుంటే డిశ్చార్జి రోజున ఉరుకులాట ఉండదు. అత్త నిన్ను అడిగినట్టు చెప్పమన్నది.

ఇట్లు
మీ మామ