పై రూములో పిల్లలకు మా ఫైళ్లు కనపడుతున్నాయి

ప్రశ్న: మాది కర్నూలు, వెంకటరమణ కాలనీ. మా ఆయన ఇంట్లోనే ఇన్‌కంట్యాక్స్, జీఎస్టీ రిటర్నులు వేస్తారు. కస్టమర్ల కాగితాలన్నీ ముందుగదిలోని డెస్క్‌టాప్‌లో ఉంటాయి. నేను లోపల ల్యాప్‌టాప్‌లో ఎంట్రీలు కొడతాను. మాటిమాటికీ పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరగలేక, ఒక వీడియో చూసి ఫోల్డర్ షేర్ చేసుకున్నాం. బాగానే నడిచింది. మొన్న పైన అద్దెకుండే కాలేజీ పిల్లాడు వచ్చి, "ఆంటీ, మీ కస్టమర్ల పాన్ కార్డులు నా ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటున్నాయి" అన్నాడు. వాళ్లకూ మాకూ వైఫై ఒకటే. ఆ ఫోల్డర్ మా ఇద్దరికే కనపడేలా చేయొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: చేయొచ్చమ్మా, పైసా ఖర్చు లేదు. ముందు ఆ పిల్లాడికి నా తరఫున కూడా థ్యాంక్స్ చెప్పండి. చూసి ఊరుకోకుండా వచ్చి చెప్పాడు. ఆ కాగితాలు మిమ్మల్ని నమ్మి ఇచ్చినవాళ్లవి. పాన్, ఆధార్, బ్యాంక్ స్టేట్‌మెంట్ ఒకేచోట దొరికితే వాటితో ఇతరుల పేరు మీద అప్పులు తీసుకునే మోసగాళ్లు ఉన్నారు. అందుకని ఇప్పుడే ఆ షేరింగ్ ఆపేయండి, కింద చెప్పినవన్నీ చేశాకే మళ్లీ పెట్టండి.

ఆ వీడియోలో 'పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్' ఆఫ్ చేయించి, పర్మిషన్లలో 'ఎవ్రీవన్' ఉంచేసి ఉంటారు. అలా చేస్తే ఏ అడ్డూ లేకుండా వెంటనే తెరుచుకుంటుంది కాబట్టి చాలా వీడియోల్లో అదే చూపిస్తారు. దాంతో మీ వైఫైలోకి వచ్చిన ప్రతి కంప్యూటర్‌కీ దారి దొరికింది.

డెస్క్‌టాప్‌లో అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్ తెరిచి, 'ఆల్ నెట్‌వర్క్స్' కింద ఆ పాస్‌వర్డ్ షేరింగ్‌ను మళ్లీ ఆన్ చేయండి. తర్వాత అదే డెస్క్‌టాప్‌లో మీ కోసం ఒక లోకల్ అకౌంట్ (ఆ కంప్యూటర్‌కే పరిమితమైన అకౌంట్) తయారుచేసి, గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ అడిగితే, అది లేకుండా యూజర్‌ను చేర్చే దారి ఆ తెరమీదే ఉంటుంది.

ఇక్కడ కాస్త నిదానించండి. నేను ఈ ఊళ్లో ఇళ్లకు, చిన్న ఆఫీసులకు రౌటర్లు, కేబుళ్లు అమర్చే పనిలో ఉన్నాను. "పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నా తీసుకోవట్లేదు సార్" అని ఎక్కడికెళ్లినా అంటారు. తీరా చూస్తే, వాళ్లు కొట్టేది రోజూ కంప్యూటర్ తెరవడానికి వాడే పిన్. పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకే పనికొస్తుంది, నెట్‌వర్క్ మీద చెల్లదు. పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసిన అకౌంట్‌ను కూడా విండోస్ మామూలుగా నెట్‌వర్క్ మీద లోపలికి రానివ్వదు. ఈ రెండు సంగతులు తెలియక జనం విసిగిపోయి రక్షణ మొత్తం తీసేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే.

ఇక ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, షేరింగ్, అడ్వాన్స్‌డ్ షేరింగ్, పర్మిషన్స్ వరకు వెళ్లండి. 'ఎవ్రీవన్'ను తీసేసి మీ కొత్త అకౌంట్‌ను చేర్చండి. ఎంట్రీలు సేవ్ చేయాలి కదా, 'చేంజ్' టిక్ పెట్టండి. పూర్తయిన పాత సంవత్సరాల ఫైళ్లను మాత్రం వేరే ఫోల్డర్‌లో పెట్టి, దానికి 'రీడ్' ఒక్కటే ఇవ్వండి. రేపు మీ ల్యాప్‌టాప్‌కు వైరస్ పట్టినా, ఆ దారిన వచ్చి పాతవాటిని పాడుచేయలేదు. పక్కనున్న సెక్యూరిటీ ట్యాబ్‌లో కూడా మీ అకౌంట్‌కు ఇవే అనుమతులు ఇవ్వండి. రెండుచోట్ల తేడా ఉంటే తక్కువ అనుమతే చెల్లుతుంది.

ల్యాప్‌టాప్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైగడిలో రెండు బ్యాక్‌స్లాష్‌లు (\\) కొట్టి డెస్క్‌టాప్ పేరు రాసి ఎంటర్ నొక్కండి. యూజర్ నేమ్ అడిగితే డెస్క్‌టాప్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, మీ అకౌంట్ పేరు ఇవ్వండి. అసలు కంప్యూటరే కనపడకపోతే రెండింట్లోనూ వైఫై 'ప్రైవేట్ నెట్‌వర్క్'గా ఉందేమో చూడండి.

పైవాళ్లకు వైఫై ఆపక్కర్లేదు. చాలా రౌటర్లలో 'గెస్ట్ నెట్‌వర్క్' అని బయటివాళ్ల కోసం వేరే వైఫై ఉంటుంది. వాళ్లకు అది ఇచ్చి, మీ అసలు వైఫై పాస్‌వర్డ్ మార్చేయండి. మీ ల్యాప్‌టాప్‌ను మాత్రం గెస్ట్‌లో కలపకండి, దాన్నుంచి డెస్క్‌టాప్ కనపడదు.

ఎవరైనా 'ఎస్‌ఎంబీ 1.0' (విండోస్‌లో ఫైళ్లు షేర్ చేసే పాత పద్ధతి) ఆన్ చేయమంటే ఒప్పుకోకండి. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ఆ పాత పద్ధతిలోని లోపం పట్టుకునే పాకింది. మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ తర్వాత వచ్చిన విండోస్‌లలో మైక్రోసాఫ్ట్ దాన్ని మామూలుగా ఆపేసే ఇస్తోంది.

ప్రశ్న: షేర్ పేరు చివర డాలర్ గుర్తు పెడితే ఎవరికీ కనపడదంటున్నారు. అది చాలదా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: చాలదు. లిస్టులో కనపడదు, అంతవరకే. పేరు తెలిసినవాళ్లు నేరుగా కొట్టి తెరవొచ్చు. పైన చెప్పినట్టు అకౌంట్లు, పర్మిషన్లు సరిచేసుకున్నాక కావాలంటే డాలర్ కూడా పెట్టుకోండి.