మహేంద్రగిరి గుళ్ళకి గైడు కావాలా? కావాలి, కానీ ముందు చేపల సంగతి అడగండి

మీరడిగింది ఇది: డిసెంబరులో ఒడిశాలోని పర్లాకిమిడి వస్తున్నారు, మహేంద్రగిరి మీద పాత గుళ్ళు చూడాలి, అమ్మానాన్నలు కూడా ఉన్నారు. మనమే వెళ్ళిపోవచ్చా, లేక మనకోసం విడిగా బండీ గైడూ మాట్లాడుకుని వెళ్ళాలా, డబ్బు దండగ కాదు కదా అని.

నేను పుట్టిందీ మెట్టిందీ పర్లాకిమిడిలోనే, మేం కిమిడి అనేస్తాం. కొండకి అయిదారుసార్లు వెళ్ళుంటాను. అందులో శివరాత్రి తిరనాళ్ళకి జనంలో కొట్టుకుపోయినవి పక్కన పెడితే, గైడుతో వెళ్ళినవి రెండు. ఒకటి డబ్బు దండగ. రెండోది ఇప్పటికీ ఇంట్లో చెప్పుకుంటాం. ఆ రెండూ చెప్తాను, మీకేది నప్పుతుందో మీరే చూసుకోండి.

మొదటిది మా బావ వాళ్ళు హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు. బావది అన్నీ ఫోన్లోనే బుక్ చేసేసే బాపతు. 'ప్రైవేట్ హెరిటేజ్ టూర్' అని పేరు పెట్టి ఒకాయన అమ్మితే కొనేశాడు. పేరెందుకులెండి. నలుగురికీ కలిపి రూ.9,000 తీసుకున్నారు. పొద్దున్న ఆరింటికి రావాల్సిన బండి ఎనిమిదిన్నరకి వచ్చింది. బండెక్కాక తెలిసింది, అదే రోజు చంద్రగిరి దగ్గర జిరంగో బౌద్ధారామం కూడా చూపించేస్తారట. ఆ ఆరామం బాగుంటుంది, కాదనను. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించినది, టిబెట్ వాళ్ళ ఊరు చూడదగ్గదే. కానీ ఒక్క రోజులో ఆ కొండా ఈ కొండా అంటే బండి సీటు తప్ప ఏమీ చూడరు.

గైడు కుర్రాడు మంచివాడే, మాటకారి. 'భీముడు ఒక్క రాత్రిలో ఒక్కడే కట్టేశాడు సార్, అయిదు వేల ఏళ్ళు' అన్నాడు. మా బావ ముందు రోజు రాత్రి ఎక్కడో చదివాడట, ఇక్కడ రాజేంద్ర చోళుడి శాసనం ఉంది, దాని దగ్గర పులీ రెండు చేపలూ చెక్కి ఉంటాయని. 'తమ్ముడూ, ఆ చేపలు ఎక్కడున్నాయో చూపించు' అన్నాడు. వాడు అయోమయంగా చూసి, 'కొండ మీద చేపలేటి సార్' అన్నాడు. మేమంతా నవ్వాం గానీ, నవ్వే సంగతి కాదది. గంటలో మబ్బు కమ్మేసింది. కుంతి గుడికి దిగకుండానే 'టైమైపోయింది' అని బండెక్కించేశాడు. కుంతి గుడి చూడకుండా మహేంద్రగిరి చూశానంటే, పూరీ వెళ్ళి సముద్రం చూసి వచ్చేసినట్టే.

ఎందుకంత మాటన్నానో చెప్తాను. పైన ముఖ్యంగా మూడు గుళ్ళు. జనం భీముడి గుడి, ధర్మరాజు గుడి, కుంతి గుడి అంటారు. పేర్లు పాండవులవే గానీ కట్టించినవాళ్ళు ఈ ప్రాంతపు రాజులు. కుంతి గుడిలో ఉన్న శివుణ్ణి గోకర్ణేశ్వరుడంటారు. కళింగాన్ని ఏలిన తొలి తూర్పు గంగరాజులు ఎక్కడ ఎవరికి భూమి దానమిచ్చినా, ఆ రాగిరేకులో మొదట మొక్కేది మహేంద్రాచల శిఖరం మీద కొలువున్న గోకర్ణస్వామికే. వాళ్ళ రాజధాని కళింగనగరం, అంటే ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని మన శ్రీముఖలింగం. వంశధార ఒడ్డున కూర్చుని రాజ్యం చేస్తూ, దానపత్రం రాసిన ప్రతిసారీ ఈ కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టినవాళ్ళు. 1078లో పట్టానికొచ్చి తర్వాత పూరీ జగన్నాథుడి పెద్ద గుడికి పూనుకున్న అనంతవర్మ చోడగంగుదీ ఆ వంశమే. అలాంటి ఇలవేల్పు గుడిని ఆ కుర్రాడు 'చిన్న గుడి మేడమ్, అందులో ఏటీ లేదు' అని దాటించేశాడు.

రెండోసారి మా నాన్నతో. నాన్నకి అప్పుడు అరవై ఎనిమిది. కార్తీక సోమవారం నాడు గోకర్ణేశ్వరుణ్ణి చూడాలని పట్టు. ఈసారి ఆఫీసుల జోలికి పోలేదు. కిమిడి బజారులో మాకు తెలిసిన జీపాయనకి రూ.3,500 మాట్లాడుకున్నాం, 'నువ్వు బండి నడిపితే చాలు, కథలొద్దు' అని. గైడుని కొయిన్‌పూర్ దాటాక కొండ కింది ఊళ్ళో ఎక్కించుకున్నాం. ఈ కొండల్లోని సవర గిరిజనుల్లో ఒకాయన. యాభై దాటుంటాయి, మోకాళ్ళ దాకా పంచె, పైన స్వెట్టరు. రోజు కూలి ఎంతవుతుందో ముందే అడిగి దానికి రెండింతలిచ్చాం. ఆయనేమీ అడగలేదు. ఇవ్వడం న్యాయమని నాన్న అన్నారు. తెలుగొచ్చు, ఒడియా వచ్చు, ఇంట్లో సవర భాష. మేం మావా అని పిలిచాం. నాన్న మాత్రం తమ్ముడూ అనేవారు.

బండి దిగగానే, మొదటిసారి దెబ్బ తిన్నాం కాబట్టి, నేనే అడిగాను. 'మావా, పైన రాతి మీద చేపలున్నాయట, తెలుసా?'

'సేపలా? తెల్దేటి. పులి కూడా ఉంది గదమ్మా. పొద్దెక్కితే అగుపడవు, బేగి ఎల్దాం' అన్నాడు.

ఆ మాటకే డబ్బులు గిట్టేశాయి నాకు.

నాన్న మెల్లిగా ఎక్కుతుంటే ఆయన ముందు నడిచి, ప్రతి మలుపులోనూ ఆగి, ఆగినందుకు ఏదో ఒక వంక చెప్పేవాడు. ఈ చెట్టు చూడండి, అదిగో ఆ లోయలోంచే మహేంద్రతనయ దిగుతాది, అని. ముసలాయన ఆయాసపడుతున్నాడని ఒక్కసారీ అనలేదు. ఇది ఏ గైడు కోర్సులోనూ నేర్పరు.

ధర్మరాజు గుడి గోడ దగ్గర ఆయన చేసిన పని మీకు వివరంగా చెప్పాలి. నేను గోడకి ఎదురుగా నిలబడి ఫోన్ టార్చి కొట్టాను. ఏమీ కనపడలేదు, బూడిదరంగు రాయి, దాని మీద నాచు మచ్చలు. ఆయన నా చేతిలో ఫోన్ తీసుకుని, గోడకి ఇంచుమించు ఆనించి, పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు పడేలా పట్టుకున్నాడు. అంతే, అప్పటిదాకా చదునుగా ఉన్న రాతిలోంచి అక్షరాలు లేచొచ్చాయి. ప్రతి గీతకీ ఒక పక్క నీడ. తర్వాత పులి. దాని దగ్గర రెండు చేపలు. నాన్న కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు.

పులి చోళులది, చేప పాండ్యులది. పాండ్యుల్ని గెలిచాక చోళులు ఆ చేపల్ని కూడా తమ గుర్తులో కలిపేసుకున్నారు. శాసనం సంస్కృతంలోనూ తమిళంలోనూ ఉంది, విమలాదిత్యుడనే రాజుని గెలిచి ఇక్కడ జయస్తంభం నాటించినట్టు. వెయ్యేళ్ళ కిందట తంజావూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు ఈ కొండ దాకా ఎక్కి, గెలిచామని ఇక్కడే రాయించుకోవడం చూస్తే, ఈ శిఖరానికి అప్పట్లో ఎంత విలువుండేదో తెలుస్తుంది. ఇదంతా నేను మావకి చెప్పాను. 'మరి మా తాత పులి మాదే అనేవోడు' అన్నాడాయన. నవ్వాడో నిజమే అన్నాడో తెలీలేదు.

మీ ప్రశ్నకి నా జవాబు అక్కడే ఉంది. రాజుల సంగతి ఆయనకి తెలీదు, రాయి ఎప్పుడు ఎలా కనపడుతుందో నాకు తెలీదు. చదవాల్సింది మీరు ఇంటి దగ్గర చదువుకుని వెళ్ళండి, చూపించే మనిషిని కొండ కింద వెతుక్కోండి. రెండూ ఒకడే చేస్తానని పట్నంలో ఎవరైనా అంటే, చేపల సంగతి అడగండి. తడుముకుంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. ఒకటి మాత్రం జాగ్రత్త, అక్షరాలు బాగా కనపడాలని కొందరు సుద్దముక్క రుద్దుతారు, పసుపూ కుంకుమా పూస్తారు. మీ గైడు ఆ పని చేయబోతే ఆపండి. పక్క వెలుతురు చాలు.

భీముడి గుడి చిన్నది, ఎత్తులో ఉంటుంది. మనిషి కదపలేని బండల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టినది. అది చూస్తే మొదటి గైడు కుర్రాడి మీద నాకు కోపం కొంచెం తగ్గింది, భీముడే కట్టాడని జనం అనుకోవడంలో వింతేం లేదు. ఆ బండ పక్కన నిలబడి మీ నాన్నగారికి ఒక ఫోటో తీయండి, ఎంత పెద్దదో ఫోటోలో అర్థమవుతుంది.

కుంతి గుడి దగ్గర మేం గంటన్నర ఉన్నాం. నాన్న దీపం పెట్టుకున్నారు. మావ బయట రాతి మీద కూర్చుని, ఆకు చుట్ట వెలిగించుకుని, దిగే తొందరేం లేదన్నట్టు కూర్చున్నాడు. మనకోసం విడిగా వెళ్ళడంలో లాభం నాకైతే అదే. ఇంకో కుటుంబం బండిలో ఎదురుచూస్తోందన్న బెంగ లేదు.

వీలుంటే కొండకి ముందు రోజు శ్రీముఖలింగం వెళ్ళండి. కిమిడి నుంచి దగ్గరే, రాష్ట్రం మారుతుందంతే. అక్కడ ఊరి మొదట్లో సోమేశ్వరుడి గుడి ఉంది, ముందు మండపమేదీ లేకుండా ఒంటరిగా నిలబడి. శిఖరం, గూళ్ళు, గుమ్మం, అన్నీ తేటగా కనిపిస్తాయి. దాన్ని తీరిగ్గా ఒక గంట చూస్తే, కొండ మీద విరిగిపోయిన చోట ఏముండేదో మీ కన్నే పూరించుకుంటుంది. మధుకేశ్వరుడి గుడిలో ఇప్పటికీ పూజలు జరుగుతాయి. ఇప్పచెట్టు మోడే లింగమైందని కథ, అందులోనూ సవరలే ఉన్నారు. మధుకమంటే ఇప్పే కదా. పైకి వెళ్ళేటప్పుడు మీ గైడుని ఆ కథ అడగండి, పంతులుగారు చెప్పే కథకీ వాళ్ళు చెప్పేదానికీ తేడా ఉంటుంది.

పనిలో పనిగా ఒక ముచ్చట. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మా కిమిడి బడిలోనే మేష్టారు. ముఖలింగం గోడల మీది శాసనాలు చూసి, ఎవరూ నేర్పకుండానే ఆ పాత లిపులు నేర్చుకున్నారు. సవర భాష కూడా నేర్చుకుని, దానికి నిఘంటువు రాశారు. 1936లో కిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. శాసనం చదవడమూ సవరతో మాట్లాడడమూ రెండూ వచ్చిన మనిషి ఒక్కడుండేవాడు, మనకి ఆలస్యమైపోయింది. అందుకే ఇప్పుడు ఇద్దరు కావాల్సొస్తోంది.

ఇక మిగతావి. మీరొచ్చేది డిసెంబరు కాబట్టి పరవాలేదు, వానాకాలంలో మాత్రం వద్దు, మబ్బులో మీ చెయ్యి మీకే కనపడదు. 1,501 మీటర్ల ఎత్తు, పొద్దున్న చలి గట్టిగా ఉంటుంది, పెద్దవాళ్ళకి మంకీ క్యాపులు తేండి. కిమిడి నుంచి అయిదున్నరకల్లా బయల్దేరండి. ఘాటు రోడ్డు ఎలా ఉందో ముందు రోజే జీపు వాళ్ళని అడగండి. 2018 తిత్లీ తుపాను మా జిల్లాలో కొండచరియలు ఎలా దించిందో చూశాక, పెద్ద వాన పడిన వారంలో నేను ఆ రోడ్డెక్కను. శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుంచి నడిచి ఎక్కే దారి కూడా ఉంది గానీ అది కుర్రాళ్ళకి, మీ అమ్మగారికి కాదు. మోకాళ్ళ నొప్పులుంటే ఆవిణ్ణి కుంతి గుడి దాకా తీసుకెళ్ళి అక్కడే కూర్చోబెట్టండి, పైకి మీరు వెళ్ళి రండి.

తిండి పైన దొరుకుతుందని నమ్ముకోవద్దు. కిమిడిలో అంత పొద్దున్నే ఇడ్లీ, బరా-ఘుగునీ (గారెలూ బఠాణీ కూరా) బళ్ళు తెరిచే ఉంటాయి, కట్టించుకోండి. గైడుకీ డ్రైవరుకీ కూడా కలిపి కట్టించండి. మేం పులిహోర మాకు సరిపడా తీసుకెళ్ళి, విప్పాక సిగ్గుపడ్డాం. మావ తన తువ్వాల్లోంచి రెండు సీతాఫలాలు తీసి నాన్న చేతిలో పెట్టాడు.