ప్రీలోడ్ బిగించే ముందు రెండు సాగ్‌లూ కొలవండి

96 కిలోల బరువు, 250 సీసీ ఎండ్యూరో (రాళ్లు, మట్టి దారుల్లో నడిపే) బండి, ఎక్కి కూర్చోగానే వెనక బాగా దిగిపోతోంది, ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి ఉంచే బిగింపు) పెంచితే సరిపోతుందా లేక స్ప్రింగే మార్చాలా అని కదా మీ ప్రశ్న. మార్చాల్సిందేనని నా అంచనా. కానీ నా మాట మీద డబ్బు ఖర్చు పెట్టకండి, టేపు పట్టుకుని ఓ పావుగంట కొలిస్తే తేలిపోతుంది.

నేనూ ఇక్కడే బోల్తా పడ్డాను. అప్పుడు నా బరువు 92, హెల్మెట్, బూట్లు, గార్డులు, నీళ్ల బ్యాగు అన్నీ తగిలించుకుంటే 103. ఇలాంటి బళ్లలో చాలావాటికి కంపెనీ వేసే స్ప్రింగ్ 75, 80 కిలోల మనిషికి సరిపోయేది. అది తెలియక వెనక షాక్ మీద ప్రీలోడ్ పెంచే రింగు (కాలర్) బిగిస్తూ పోయాను. రైడర్ సాగ్, అంటే మనిషి ఎక్కితే వెనక భాగం ఎంత దిగుతుందో ఆ కొలత, 105 మి.మీ.కి వచ్చింది, అందరూ చెప్పే లెక్క అదే కదా అని సంబరపడ్డాను. తీరా బయటికి తీస్తే చిన్న రాయి తగిలినా వెనక చక్రం తన్నేది, జంప్ నుంచి దిగితే మాత్రం ఎప్పటిలాగే చివరిదాకా వెళ్లి ధన్‌మని కొట్టేది. సరే అని కంప్రెషన్ క్లిక్కర్ (షాక్ నొక్కుకునే వేగాన్ని తగ్గించే స్క్రూ) కూడా బిగించాను, దాంతో రాళ్ల మీద చేతులు వాచిపోవడం తప్ప ఒరిగిందేమీ లేదు.

స్ప్రింగ్ రేట్ అంటే దాన్ని ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎంత బలం కావాలో ఆ లెక్క. మిల్లీమీటరుకు 42 న్యూటన్ల స్ప్రింగ్‌ని ఎంత బిగించినా అది 42 స్ప్రింగే, 48 అయిపోదు. ప్రీలోడ్‌తో మారేది బండి నిలబడే ఎత్తు, అంతే.

కొలిచే పద్ధతి ఇదీ. బండిని స్టాండ్ మీద పెట్టి వెనక చక్రం గాల్లో ఉండగా యాక్సిల్ నుంచి నిటారుగా పైన మడ్‌గార్డ్ మీద ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత కిందికి దించి, మీరు ఎక్కకుండా, బండి సొంత బరువుతో ఎంత దిగిందో చూడండి, అది స్టాటిక్ సాగ్. ఇక పూర్తి గేరుతో ఎక్కి ఫుట్‌పెగ్‌ల మీద నిలబడండి, టేపు ఇంకొకరు పట్టుకోవాలి, ఒక్కరే కొలుస్తానంటే కుదరదు. అది రైడర్ సాగ్. ప్రతిసారీ బండిని రెండు మూడు సార్లు కిందికి నొక్కి వదలండి, సీళ్ల రాపిడి వల్ల అంకె అటూ ఇటూ అవుతుంది.

సుమారు 300 మి.మీ. ట్రావెల్ (వెనక చక్రం పైకీ కిందికీ కదిలే మొత్తం దూరం) ఉండి, లింకేజ్ (షాక్‌ని వెనక చక్రం ఆర్మ్‌కి కలిపే లివర్లు) ఉన్న బండైతే ముందు రైడర్ సాగ్ 100 నుంచి 105 దగ్గర పెట్టండి, అంటే ట్రావెల్‌లో ఇంచుమించు మూడో వంతు. అప్పుడు స్టాటిక్ సాగ్ మళ్లీ కొలవండి. 30, 40 మధ్య ఉంటే స్ప్రింగ్ మీకు సరిపోయినట్టే. నాకు 12 వచ్చింది. ఇక్కడే అందరూ తికమకపడతారు (నేనైతే రెండు రోజులు పడ్డాను): స్టాటిక్ తక్కువుందంటే స్ప్రింగ్ గట్టిదని కాదు, మెత్తదని. మెత్తది కాబట్టే మనిషిని మోయడానికి విపరీతంగా బిగించాల్సి వచ్చింది, అంత బిగిస్తే ఖాళీ బండి దిగదు మరి.

తర్వాత స్ప్రింగ్ కొనేటప్పుడు ఇంకో తప్పు చేశాను. లెక్కగట్టే చార్టులో గేరు లేకుండా బరువు అడిగితే నేను 103 అని ఇచ్చాను. 51 వచ్చింది, వేశాను. రైడర్ సాగ్ 105 పెట్టాక చూస్తే స్టాటిక్ 40 దాటింది, అంటే ఈసారి మరీ గట్టిది. చివరికి 48 వేస్తే 34 దగ్గర కుదిరింది. ఏ చార్టు వాడినా అది ఏ బరువు అడుగుతోందో రెండుసార్లు చదవండి, అంకె ఇచ్చాక కూడా స్టాటిక్ సాగ్‌తో సరిచూసుకోండి.

వెనక ఒక్కటే మార్చి ఆపేయొద్దు. వెనక లేచి ముందు ఫోర్క్ మెత్తగానే ఉంటే బ్రేక్ పట్టగానే మూతి కిందికి పడుతుంది, దిగుడులో హ్యాండిల్ ఊగుతుంది. నేను ఫోర్క్‌లో 4.2 న్యూటన్ల స్ప్రింగ్‌లు తీసి 4.6వి వేశాను. మీది గాలితో పనిచేసే ఫోర్క్ అయితే ఈ ఖర్చు లేదు, పంపుతో ప్రెషర్ పెంచుకుంటే చాలు.

కొనేటప్పుడు యూనిట్ చూసుకోండి. కొందరు న్యూటన్లలో, కొందరు కిలోల్లో రాస్తారు, న్యూటన్లని 9.8తో భాగిస్తే కిలోలు వస్తాయి, కాబట్టి 48 అన్నా 4.9 అన్నా ఒకటే. గట్టి స్ప్రింగ్ పడ్డాక అది వెనక్కి తన్నే బలం కూడా పెరుగుతుంది, రీబౌండ్ (షాక్ తిరిగి పైకి లేచే వేగం) రెండు మూడు క్లిక్కులు నెమ్మదిగా చేయండి, లేదంటే వరసగా గతుకులు వచ్చినప్పుడు వెనక భాగం గెంతుతుంది.

మీ బండి ట్రావెల్ ఎంతో, ఈ రెండు సాగ్‌లూ ఎంత వచ్చాయో రాయండి, లింకేజ్ ఉందో లేదో కూడా. అది లేని షాక్ అయితే అంకెలు వేరు, అది చూసి చెప్తాను.